కార్ల పందేలకు ఆతిథ్యం ఎవరివ్వాలి?

జట్ల పోటీకి వేదికను ఎంచుకోవడంలో చూడవలసిన అంశాలు
హుస్సేన్‌సాగర్ తీరం నుంచి న్యూజిలాండ్ మట్టి ట్రాక్ వరకు అనుభవాలు నేర్పుతున్న పాఠాలు

హైదరాబాద్: హుస్సేన్‌సాగర్ తీరంలో 2022 నవంబరు నుంచి 2023 ఫిబ్రవరి వరకు మూడు దఫాలు రేసింగు కార్లు పరుగెత్తాయి. నాలుగో దఫా 2024 ఫిబ్రవరి 10న జరగవలసిన పోటీ మాత్రం నెల రోజుల ముందే రద్దయింది. ఆపై ఆ వ్యవహారం పోలీసు కేసుగా మారి న్యాయస్థానాల గడప ఎక్కిన సంగతి విదితమే. నాటి నుంచి నేటి వరకు చర్చంతా సొమ్ము ఎవరు చెల్లించారు, ఎవరి అనుమతితో చెల్లించారు అన్న దాని చుట్టూనే తిరుగుతోంది. అంతకంటే ముందే అడగవలసిన ప్రశ్న ఒకటి మరుగున పడిపోయింది. అసలు ఇటువంటి పోటీకి ఆతిథ్యం ఇవ్వవలసినది ఎవరు? ప్రభుత్వమా, ప్రైవేటు సంస్థా, లేక మోటారు క్రీడా సంఘమా? నగర వీధులలో నిర్వహించాలా, శివార్లలో శాశ్వత ట్రాక్ నిర్మించాలా? మరోసారి ఏదో ఒక నగరం ముందుకు వచ్చే లోపే ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడం అవసరం.

జట్టు పోటీ అంటే..

కారు పందెం అనగానే సాధారణంగా ఒక చోదకుడు, ఒక కారు, ఒక విజేత గుర్తుకు వస్తాయి. జట్ల పోటీలో లెక్క వేరుగా ఉంటుంది. ఫార్ములా ఈ పోటీలలో ఒక్కో జట్టుకు రెండు కార్లు ఉంటాయి. మొదటి స్థానానికి 25, రెండో స్థానానికి 18, మూడో స్థానానికి 15 పాయింట్ల చొప్పున పదో స్థానం వరకు కేటాయిస్తారు. ఇద్దరు చోదకులు సాధించిన పాయింట్లను కలిపి జట్టు స్థానాన్ని నిర్ణయిస్తారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో జరిగిన పోటీలో 11 జట్లు, 22 కార్లు పాల్గొన్నాయి. ఆనాటి విజేత ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్. ఆ సీజన్ ముగిసేసరికి జట్ల టైటిల్ మాత్రం ఎన్విజన్ రేసింగ్‌కు దక్కింది. మన దేశానికి చెందిన మహీంద్రా జట్టు ఈ పోటీలలో ఆరంభం నుంచి పాల్గొంటోంది.

2022లో మొదలైన ఇండియన్ రేసింగ్ లీగ్ పూర్తిగా నగరాల జట్ల పోటీ. తొలి ఏడాది హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, గోవా, కోచి, దిల్లీ పేర్లతో ఆరు జట్లు తలపడ్డాయి. అందరివీ ఒకే రకం కార్లు. జట్టులో మహిళా చోదకురాలికి చోటు తప్పనిసరి. తొలి టైటిల్‌ను కోచి జట్టు గెలుచుకుంది. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టు యాజమాన్యాన్ని సినీ నటుడు నాగచైతన్య 2024లో స్వీకరించడంతో ఈ లీగ్ పేరు తెలుగునాట మరింతగా వినిపించింది.

న్యూజిలాండ్‌లో జనాదరణ పొందిన జట్ల స్టాక్‌కార్ పందెం వీటన్నిటికీ భిన్నమైనది. అక్కడి స్టాక్‌కార్‌ను చుట్టూ దృఢమైన ఉక్కు రక్షణతో నిర్మిస్తారు. ప్రత్యర్థి కారును ఢీకొట్టడం అక్కడ నేరం కాదు, ఆటలో భాగం. ఒక్కో జట్టు తరఫున నాలుగు కార్లు బరిలోకి దిగుతాయి. జట్టులో కొందరిది ముందుకు దూసుకుపోయే పని, మిగిలిన వారిది ఎదుటి జట్టును అడ్డుకునే పని. కబడ్డీలో కూతకు వెళ్లేవాడు, పట్టు పట్టేవాడు ఉన్నట్టే ఇక్కడా పనుల విభజన ఉంటుంది. తన కారు తుక్కయినా సరే, సహచరుడు ముందుగా గీత దాటితే చాలుననుకునే ఆట అది. అందుకే అక్కడి ప్రేక్షకుడు చోదకుడి పేరుతో పాటు తన ఊరి జట్టు పేరునూ ఎలుగెత్తి పిలుస్తాడు.

ఈ మూడింటికీ సమానమైన లక్షణం ఒకటి ఉంది. జట్టు ఉన్నచోట ఊరి అభిమానం ఉంటుంది. ఊరి అభిమానం ఉన్నచోట వేదిక ఎవరిదన్న ప్రశ్న తప్పక తలెత్తుతుంది.

ఆతిథ్యంలో ఎవరి పాత్ర ఏమిటి

మోటారు క్రీడలకు ప్రపంచ స్థాయిలో నియమావళి రూపొందించే సంస్థ ఎఫ్ఐఏ. మన దేశంలో దాని గుర్తింపు పొందినది భారత మోటారు క్రీడా సంఘాల సమాఖ్య. ట్రాక్ యోగ్యమైనదా, రక్షణ ఏర్పాట్లు సరిపోతాయా, చోదకులకు లైసెన్సు ఉందా అన్నవి ఈ సంస్థలు తేలుస్తాయి. అంతర్జాతీయ పోటీ జరగాలంటే ట్రాక్‌కు ఎఫ్ఐఏ ధ్రువీకరణ ఉండి తీరాలి. పోటీ స్థాయిని బట్టి ట్రాక్‌లకు శ్రేణులు ఉంటాయి. ఫార్ములా వన్‌కు మొదటి శ్రేణి ట్రాక్ తప్పనిసరి.

వాణిజ్య హక్కులు వేరొకరి చేతిలో ఉంటాయి. పోటీ పేరు, ప్రసారం, టికెట్లు, ప్రకటనలు ఎవరివన్నది ఒప్పందం తేలుస్తుంది. ఆ హక్కులు కలిగిన సంస్థ ఆతిథ్య నగరం నుంచి గానీ, స్థానిక నిర్వాహకుని నుంచి గానీ రుసుం వసూలు చేస్తుంది. స్థానిక నిర్వాహకుడు ఆ రుసుం చెల్లించి, టికెట్ల అమ్మకం ద్వారా, ప్రకటనదారుల ద్వారా రాబట్టుకోవాలి. రాబట్టుకోలేకపోతే నష్టం అతనిదే.

ప్రభుత్వం వంతు మూడోది. రోడ్లు, పోలీసులు, వైద్యం, అగ్నిమాపక దళం, విద్యుత్తు, ట్రాఫిక్ మళ్లింపు దాని చేతిలో ఉంటాయి. శాశ్వత ట్రాక్‌పై జరిగే పోటీలో ఈ పాత్ర స్వల్పం. వీధులలో జరిగే పోటీలో ఇదే ప్రధానం. మొదటి ఏడాది అనుమతులకు, సౌకర్యాలకు పరిమితమైన ప్రభుత్వం రెండో ఏడాదికి రుసుం చెల్లించే స్థితికి వస్తే, వ్యాపారి మోయవలసిన నష్టభయం పన్ను కట్టే పౌరుని నెత్తిన పడుతుంది. హైదరాబాద్‌లో వివాదానికి మూలం అదే.

సాగర తీరంలో ఏం జరిగింది

ఫార్ములా ఈ నిర్వాహకులతో తెలంగాణ ప్రభుత్వం 2022 జనవరిలో అంగీకార పత్రంపై సంతకం చేసింది. ఎన్టీఆర్ గార్డెన్స్, లుంబినీ పార్కు, నెక్లెస్‌రోడ్డు, అప్పటికి నిర్మాణం తుది దశలో ఉన్న కొత్త సచివాలయం పరిసరాలను కలుపుతూ సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్‌ను సిద్ధం చేశారు. దానిలో 18 మలుపులు ఉన్నాయి. ఆ ట్రాక్‌పై తొలుత 2022 నవంబరు 19, 20 తేదీలలో ఇండియన్ రేసింగ్ లీగ్‌ను ప్రారంభించారు. ప్రమాదాలు, ఆలస్యాల కారణంగా ఆ దఫా ప్రధాన పందేలు జరగనే లేదు. డిసెంబరు 10, 11 తేదీలలో అదే లీగ్ చివరి దఫా జరిగింది. 2023 ఫిబ్రవరి 11న జరిగిన ఫార్ములా ఈ పోటీ దేశంలో ఆ తరహాలో మొదటిది. ఆనాడు సాగర్ పరిసరాలలో వాహనాలను మళ్లించారు.

మొదటి ఏడాది ఫార్ములా ఈ రుసుం భారాన్ని స్థానిక నిర్వాహక సంస్థ వహించింది. రెండో ఏడాదికి ఆ సంస్థ తప్పుకుంది. అనంతరం ప్రభుత్వ పురపాలక శాఖ నేరుగా ఒప్పందం కుదుర్చుకుంది. 2023 అక్టోబరు 30 నాటి ఆ ఒప్పందానికి ముందు వెనుకలుగా హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ నిధుల నుంచి సుమారు 55 కోట్ల రూపాయలు వెచ్చించారు. అదే ఏడాది డిసెంబరులో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2024 జనవరి 5న ఫార్ములా ఈ నిర్వాహకులు పోటీని రద్దు చేస్తూ, ఆతిథ్య నగర ఒప్పందాన్ని ప్రభుత్వం ఉల్లంఘించిందని ప్రకటించారు. 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ నాటి మంత్రిపై, అధికారులపై కేసు నమోదు చేసింది. అవసరమైన అనుమతులు లేకుండా విదేశీ సంస్థకు సొమ్ము చెల్లించారన్నది అభియోగం. నగర ప్రతిష్ఠ కోసమే చెల్లించామని, అందులో అవినీతికి తావే లేదని నాటి మంత్రి వాదన. నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం.

కేసు ఫలితం ఏమైనప్పటికీ పౌరునికి కనబడే వాస్తవం ఒకటుంది. డబ్బు ఖర్చయింది, పోటీ జరగలేదు, ట్రాక్ మిగలలేదు. ఇప్పుడు నెక్లెస్‌రోడ్డు మీద నడిచే వారికి అక్కడొకప్పుడు అంతర్జాతీయ పందెం జరిగిందని చెబితే తప్ప తెలియదు.

ఇరవై ఏళ్లలో రెండుసార్లు

ప్రభుత్వం మారితే పందెం ఆగిపోవడం హైదరాబాద్‌కు కొత్త కాదు. 2000వ దశకం తొలినాళ్లలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నగర శివార్లలోని గోపన్‌పల్లి వద్ద ఫార్ములా వన్ ట్రాక్ నిర్మించాలని సంకల్పించింది. 2004లో ప్రభుత్వం మారాక ఆ ప్రతిపాదన మూలనపడింది. ఇరవై ఏళ్ల తరువాత ఫార్ములా ఈ విషయంలోనూ అదే కథ పునరావృతమైంది. రెండు సందర్భాలలోనూ పోటీ ఒక ప్రభుత్వ ఆలోచనగా పుట్టింది. మరో ప్రభుత్వం రాగానే దిక్కులేనిదైంది. దానిని కాపాడుకునే స్థానిక క్రీడా సంఘం గానీ, ఏటా ఎదురుచూసే ప్రేక్షక సమూహం గానీ అప్పటికి ఏర్పడలేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా ఈ నగరంలోనే ఉంది. 2002లో జాతీయ క్రీడలకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. వాటి కోసం గచ్చిబౌలిలో నిర్మించిన స్టేడియం ఆ తరువాత కూడా క్రీడాకారులకు ఉపయోగపడింది. పోటీ ముగిశాక ఊరికి ఏం మిగిలిందన్న ప్రశ్నకు అక్కడ జవాబుగా చూపడానికి ఒక కట్టడమైనా ఉంది. వీధి పందెంలో కాంక్రీటు అడ్డుగోడలు, ఇనుప కంచెలు, తాత్కాలిక గ్యాలరీలు పోటీ ముగియగానే తొలగిస్తారు. మిగిలేది రోడ్డు మాత్రమే.

నోయిడా ట్రాక్ చెప్పే సంగతి

అలాగని శాశ్వత ట్రాక్ ఉంటే చాలునని చెప్పడానికి వీల్లేదు. ఉత్తరప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడాలో జేపీ గ్రూపు నిర్మించిన బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ 5.125 కిలోమీటర్ల పొడవున్న మొదటి శ్రేణి ట్రాక్. 2011, 2012, 2013 సంవత్సరాలలో అక్కడ ఫార్ములా వన్ పోటీలు జరిగాయి. మూడింటిలోనూ జర్మనీకి చెందిన సెబాస్టియన్ వెటెల్ విజేతగా నిలిచాడు. నాలుగో ఏడాది పోటీ జరగలేదు. పందెం క్రీడా లేక వినోదమా అన్న పన్నుల వివాదం, కస్టమ్స్ చిక్కులు, నిర్వాహక సంస్థ ఆర్థిక ఇబ్బందులు ఒకదానిపై ఒకటి పేరుకుపోయాయి. ఫార్ములా వన్ వాణిజ్య సంస్థకు ఈ దేశంలో వచ్చిన ఆదాయంపై పన్ను వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పింది. బకాయిల కారణంగా యమునా ఎక్స్‌ప్రెస్‌వే అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆ ట్రాక్ భూమి కేటాయింపును 2020లో రద్దు చేసింది.

2023 సెప్టెంబరులో అదే ట్రాక్‌పై మోటోజీపీ మోటారు సైకిళ్ల పోటీ జరిగింది. 2024లో మళ్లీ జరగలేదు. ట్రాక్ ప్రపంచ స్థాయిలో ఉన్నా దాని యాజమాన్యం గట్టిగా లేకపోతే, పన్నుల విషయంలో ముందుగానే స్పష్టత లేకపోతే పోటీ మూడునాళ్ల ముచ్చటగానే మిగులుతుందని నోయిడా అనుభవం తెలియజేస్తోంది.

చెన్నైలో నిలదొక్కుకున్నదెలా

దక్షిణాదిలో మోటారు క్రీడలకు పుట్టినిల్లు వంటిది చెన్నై. అక్కడి మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడింది. తొలి దశాబ్దాలలో షోలవరంలోని పాత విమానాల రన్‌వేపై పందేలు నిర్వహించేవారు. 1990 ప్రాంతంలో శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టై వద్ద క్లబ్ సొంత ట్రాక్ సిద్ధమైంది. దాని పొడవు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరు సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్. ఇవి జాతీయ స్థాయి పోటీలకు నెలవులయ్యాయి. తమిళనాడులో ప్రభుత్వాలు ఎన్నో మారాయి. క్లబ్, ట్రాక్, పోటీల పట్టిక మాత్రం కొనసాగుతూ వచ్చాయి.

హైదరాబాద్‌కు చెందిన చోదకుడు కొండా అనిందిత్ రెడ్డి జాతీయ స్థాయిలో పేరు తెచ్చుకున్నది సొంత ఊరి ట్రాక్‌పై కాదు, ఇతర రాష్ట్రాల ట్రాక్‌లపైనే. రాష్ట్రంలో ఆ స్థాయి వేదిక లేకపోవడమే అందుకు కారణం. పందెం చూడటానికి ఒక రోజు రోడ్డు మూస్తే చాలు. పందెగాళ్లు తయారు కావాలంటే ఏడాది పొడవునా తెరిచి ఉండే ట్రాక్ కావాలి.

అదే చెన్నైలో వీధి పందెం నిర్వహించబోయినప్పుడు మాత్రం చిక్కులు తప్పలేదు. ఐలాండ్ గ్రౌండ్స్ పరిసరాలలో సుమారు 3.5 కిలోమీటర్ల ట్రాక్‌పై రాత్రివేళ పోటీలను 2023 డిసెంబరులో జరపాలని నిర్ణయించారు. మిగ్‌జాం తుపాను కారణంగా వాయిదా పడ్డాయి. ప్రజాధనం ఖర్చు, ఆసుపత్రులకు వెళ్లే దారులు, ట్రాఫిక్ అంశాలపై మద్రాసు హైకోర్టులో వ్యాజ్యాలు దాఖలయ్యాయి. ఖర్చు ఎవరు భరించాలన్న వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. చివరకు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో పోటీలు జరిగాయి. మొదటి రోజున ఎఫ్ఐఏ ధ్రువీకరణ ఆలస్యం కావడంతో పరుగులు అనుకున్న వేళకు మొదలు కాలేదు. మోటారు క్రీడలలో డెబ్బై ఏళ్ల అనుభవం ఉన్న నగరానికే వీధి పందెం ఇంత భారమైతే, అనుభవం లేని నగరం ఎంత జాగ్రత్త వహించాలో ఊహించవచ్చు.

చిన్న ఊరు, పెద్ద పందెం

న్యూజిలాండ్ ఉత్తర ద్వీపంలో పామర్‌స్టన్ నార్త్ అనే నగరం ఉంది. జనాభా లక్షకు లోపే. మన జిల్లా కేంద్రాలలో చిన్నవాటితో పోల్చదగిన ఊరు. ఆ దేశపు సూపర్‌స్టాక్ జట్ల చాంపియన్‌షిప్ అంటే మోటారు క్రీడాభిమానులకు ముందుగా గుర్తుకు వచ్చేది ఈ ఊరే. రొటోరువా, హాక్స్‌బే, స్ట్రాట్‌ఫర్డ్, ఆక్లండ్, క్రైస్ట్‌చర్చ్ వంటి చోట్ల నుంచి జట్లు తరలివస్తాయి. పాంథర్స్ పేరుతో ఆతిథ్య నగరానికీ సొంత జట్టు ఉంది.

అక్కడి ట్రాక్ కొన్ని వందల మీటర్ల చుట్టుకొలత గల మట్టి ట్రాక్ మాత్రమే. ట్రాక్ మధ్యలోని మైదానంలో రగ్బీ ఆడతారు. ఆవరణ నగరపాలక సంస్థది. పందేల నిర్వహణ ప్రైవేటు నిర్వాహకులది. మైదానం ఊరి ఆస్తి కనుక నిర్వాహకుడు మారినా ట్రాక్ ఎక్కడికీ పోదు. ఒకే ఆవరణను రెండు క్రీడలు పంచుకోవడం వల్ల దానిపై పెట్టిన ఖర్చుకు ఏడాదిలో ఎక్కువ రోజులు ఫలితం దక్కుతుంది.

ఇలా ఒకే ఊరిలో పోటీ పాతుకుపోవడం న్యాయమేనా అన్నది జట్ల క్రీడలో సహజంగా ఎదురయ్యే ప్రశ్న. ఏటా అదే ట్రాక్ అయితే అక్కడి జట్టుకు మలుపు మలుపూ తెలిసి ఉంటుంది. మట్టి ఏ వేళకు ఎలా మారుతుందో తెలిసి ఉంటుంది. గ్యాలరీలోని గొంతులూ వారివైపే. ఇతర ఊళ్ల జట్లు ప్రతిసారీ కార్లను, సామగ్రిని తరలించే ఖర్చు భరించాలి. ఆదాయం మాత్రం ఆతిథ్య ఊరి హోటళ్లకు, దుకాణాలకు చేరుతుంది. అదే దేశంలో వ్యక్తిగత జాతీయ టైటిళ్ల పోటీలు వేర్వేరు ట్రాక్‌లకు మారుతూ ఉంటాయి. జట్ల పోటీనీ అలాగే తిప్పాలన్న వాదనకు ఈ ఉదాహరణ బలం చేకూరుస్తుంది.

మరో వైపు వాదన కూడా కొట్టివేయదగినది కాదు. జట్ల పోటీకి ఒకేసారి పదుల సంఖ్యలో కార్లు వస్తాయి. వాటిని నిలిపే చోటు, దెబ్బతిన్న వాటిని రాత్రికి రాత్రే బాగుచేసుకునే చోటు, వేలాది మంది కూర్చునే గ్యాలరీ అన్ని ట్రాక్‌లకూ ఉండవు. ఫలానా మాసంలో ఫలానా ఊరికి వెళ్లాలన్న అలవాటు ప్రేక్షకులలో పాదుకొన్నాక వేదికను మారిస్తే ఆ అలవాటు చెదిరిపోవచ్చు. మన ఊళ్లలో జాతరకు చోటు మార్చకపోవడం వెనుక ఉన్న తర్కం ఇదే. జాతర ఆ ఊరిది. అయినా పది ఊళ్ల వారు దానిని తమదిగానే భావిస్తారు.

ఈ రెండు వాదనలకు మధ్యేమార్గం లేకపోలేదు. చివరి దఫాను స్థిరమైన వేదికలో ఉంచి, ముందు దఫాలను ఇతర ఊళ్లకు పంచవచ్చు. లేదా ఆతిథ్య ఊరు తన ఆదాయం నుంచి దూరపు జట్ల రవాణాకు కొంత వాటా ఇవ్వవచ్చు. ఇంట గెలిచి రచ్చ గెలవాలన్న సామెత జట్లకు వర్తించాలంటే ముందు ప్రతి జట్టుకూ ఒక ఇల్లు ఉండాలి. ఇండియన్ రేసింగ్ లీగ్‌లో 2022లో పాల్గొన్న ఆరు నగరాలలో ఆ స్థాయి శాశ్వత ట్రాక్ దాపున ఉన్నవి చెన్నై, దిల్లీ రెండే. మిగతా నాలుగు జట్లు పేరుకు మాత్రమే సొంతగడ్డ కలిగినవి.

లాభం లెక్కలు ఎవరివి

ఆతిథ్యాన్ని సమర్థించేవారు తరచుగా చూపేది ఆర్థిక ప్రయోజనం. హైదరాబాద్ ఫార్ములా ఈ పోటీ వల్ల సుమారు 8.4 కోట్ల డాలర్ల మేర, అనగా దాదాపు 700 కోట్ల రూపాయల మేర ఆర్థిక ప్రభావం కలిగిందని నీల్సన్ సంస్థ లెక్కగట్టింది. ఇటువంటి అంచనాలను చదవడంలో మెలకువ అవసరం. ఆర్థిక ప్రభావం అనేది ప్రభుత్వ ఖజానాకు చేరిన ఆదాయం కాదు. సందర్శకులు హోటళ్లలో, ప్రయాణాలలో పెట్టిన ఖర్చు, దాని వెంట జరిగిన ఇతర లావాదేవీలు, టీవీల ద్వారా నగరానికి లభించిన ప్రచారం విలువ వంటివి కలిపి వేసే అంచనా అది. నక్షత్ర హోటల్‌కు వచ్చిన లాభాన్ని చూపి పురపాలక నిధి నుంచి రుసుం చెల్లించడం సబబా అన్నది ఆలోచించవలసిన విషయం. సొమ్మొకడిది, సోకొకడిది అన్న మాట ఇలాంటి సందర్భాలలోనే గుర్తుకొస్తుంది.

ఇటు ఖర్చు పద్దుల్లో చేరనివి కూడా ఉన్నాయి. దారి మూసిన రోజుల్లో ఆటో కార్మికుడు కోల్పోయిన కిరాయి, సాగర్ చుట్టుపక్కల తోపుడుబండి వ్యాపారి కోల్పోయిన గిరాకీ, అత్యవసర వైద్యానికి చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చిన కుటుంబం పడిన యాతన ఏ అంచనాలోనూ కనిపించవు. శాశ్వత ట్రాక్ ఊరికి దూరంగా ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

దీనర్థం ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోవాలని కాదు. ట్రాక్‌కు భూమి కేటాయించడం, రోడ్డు వేయడం, పన్నుల విషయంలో ముందుగానే స్పష్టత ఇవ్వడం ప్రభుత్వం చేయగలిగిన పనులు. ఆ భూమి ప్రజల ఆస్తిగానే ఉండి, నిర్వాహకునికి నిర్ణీత కాలానికి అద్దెకు ఇచ్చినట్లయితే నోయిడాలో వచ్చిన చిక్కులు కొంతవరకైనా తప్పుతాయి.

ఆతిథ్యానికి అర్హత ఎవరికి

పై అనుభవాలన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే, జట్ల పోటీకి ఆతిథ్యం కోరే నగరం గానీ, సంస్థ గానీ ముందుగా సమాధానం చెప్పవలసిన ప్రశ్నలు కొన్ని తేలుతున్నాయి.

మొదటిది, నష్టం వస్తే ఎవరు భరిస్తారు? టికెట్లు, ప్రకటనల ఆదాయం ఎవరికి చేరుతుందో రుసుం భారమూ వారిదే కావాలి. మధ్యలో నిర్వాహకుడు తప్పుకుంటే పోటీ ఆగాలే తప్ప, ఆ భారం తనంతట తానుగా ప్రజాధనం మీదికి మళ్లరాదు. ఈ సంగతి ఒప్పందంలోనే రాసి ఉండాలి.

రెండోది, ఒప్పందం ప్రజల ముందు ఉందా? రోడ్లు మూసేది ప్రజలవి, ఖర్చయ్యేది ప్రజలది అయినప్పుడు చెల్లింపు షరతులు, రద్దు షరతులు శాసనసభకు, నగరపాలక సంస్థకు ముందే తెలియాలి. ఆ విధంగా తెలిపిన ఒప్పందాన్ని తరువాత వచ్చిన ప్రభుత్వం కూడా తేలికగా తోసిపుచ్చలేదు. రహస్యంగా కుదిరిన ఒప్పందం ప్రభుత్వం మారిన మరునాడే అనుమానానికి గురవుతుంది.

మూడోది, పోటీ ముగిశాక ఏం మిగులుతుంది? ట్రాక్ మిగలాలి. లేదా కనీసం శిక్షణ పొందిన మార్షళ్లు, ప్రమాద చికిత్సలో అనుభవం గడించిన వైద్య బృందం, స్థానిక మోటారు క్రీడా సంఘం మిగలాలి. ఇవేవీ మిగలనిది ఆతిథ్యం అనిపించుకోదు, కేవలం ప్రదర్శన అవుతుంది.

నాలుగోది, ఇతర జట్లకు న్యాయం జరుగుతోందా? ఆతిథ్య జట్టుకు సాధనకు దొరికినంత సమయం తక్కిన జట్లకూ దొరకాలి. వేదిక ఎంపిక హక్కుదారు సంస్థ ఇష్టాయిష్టాలను బట్టి కాక, జట్లకు కూడా ప్రాతినిధ్యం ఉన్న సంఘం చేతిలో ఉండాలి.

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగిన స్థితిలో నేడు తెలుగు రాష్ట్రాలలోని ఏ నగరమూ ఉన్నట్టు కనబడదు. అందువల్ల మన ఊరికి ఈ పోటీలు వద్దనడం పరిష్కారం కాదు. మెట్టు మెట్టుగా ఎక్కడం మేలు. వేల ఎకరాల్లో ఫార్ములా వన్ ట్రాక్ కలగనే బదులు, కోయంబత్తూరు తరహాలో రెండు కిలోమీటర్ల ట్రాక్‌తో గానీ, న్యూజిలాండ్ తరహాలో మైదానం చుట్టూ చిన్న ట్రాక్‌తో గానీ మొదలు పెట్టవచ్చు. కాలేజీల ఇంజినీరింగ్ విద్యార్థులు తయారు చేసే కార్ల పరీక్షకు, కొత్త చోదకుల శిక్షణకు, పోలీసు, అంబులెన్స్ డ్రైవర్ల సురక్షిత డ్రైవింగ్ తరగతులకు అదే ట్రాక్ ఉపయోగపడుతుంది. రోజువారీ పని ఉన్న ట్రాక్‌కు ఏడాదికొక పెద్ద పోటీ రాకపోయినా నష్టం లేదు. వస్తే లాభం.

పెద్ద పోటీ కోసం వీధులు కోరే నిర్వాహకులు మళ్లీ రావచ్చు. అప్పుడు వారిని అడగవలసినది కార్ల వేగం ఎంత, ఎన్ని దేశాలలో ప్రసారం అవుతుంది అన్నవి కావు. రెండో ఏడాది మీరు రాకపోతే బకాయి ఎవరు కడతారు అన్నది. దానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలిగిన వారికే ఆతిథ్యం అడిగే అర్హత ఉంటుంది. ఆ జవాబు చేతికి అందే వరకు సాగరతీరపు దారిని అటుగా నిత్యం రాకపోకలు సాగించే వారికే వదిలిపెట్టడం శ్రేయస్కరం.